ఇంజిన్‌కు సోమవారం లేదు

24 జనవరి 1957, గురువారం

బావి నీళ్లు తోడే ఇంజిన్ వచ్చింది. ఎర్రగుంట్ల స్టేషన్లో గూడ్సు నుంచి దించి, బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద కూర్చోబెట్టి, పెండ్లికూతురిని తెచ్చినట్టు మెల్లగా తెచ్చారు. ఆయన బండి ముందు నడిచి వచ్చారు. ఈ ఇంటికి నేను కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆయన ముఖం అంత వెలుగుగా ఉండగా చూసింది తక్కువ.

హారతి ఇచ్చాను. కుంకుమ పెట్టబోతే వేళ్లకు గ్రీజు అంటింది. బూడిదతో రుద్దినా పూర్తిగా పోలేదు. ఆ చేత్తోనే సాయంత్రం దేవుని దగ్గర దీపం పెట్టాను. మనసు అదోలా ఉంది.

అత్త వసారాలో కూర్చుని దాన్ని చాలాసేపు చూసింది. ఇదేం దున్నపోతురా, కొమ్ముల్లేవు, తోక లేదు, గడ్డి తినదు, పేడ వెయ్యదు అంది. అందుకే తెచ్చినాలేమ్మా అన్నారు ఆయన. పేడ వెయ్యకపోతే నీ పెండ్లాము ఇల్లు దేంతో అలుకుతాది, క్రూడాయిల్‌తోనా అంది. ఇంజిన్‌తో పాటు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మెకానిక్ కంబన్న పడి పడి నవ్వాడు.

నవ్వనిది లేవి ఒక్కడే. ఊరి బయటి పాలెం మనిషి. మా తోట బావి దగ్గర కపిల తోలేది అతనే. ఎద్దుల జతను ముందుకూ వెనక్కూ నడుపుతూ, తోలుబానతో నీళ్లు పైకి లాగుతూ, పాట పాడుతూ అతని సగం వయసు ఆ బావి గట్టు మీదే గడిచింది. ఆయన అతన్ని పిలిచి, నీకేం దిగులొద్దప్పా, చీనీ పాదులకు నీళ్లు మళ్లించే పని నీదే అన్నారు. సరే రెడ్డీ అన్నాడు లేవి. బాన విప్పి, మడిచి, కొట్టంలో పెట్టి వెళ్లిపోయాడు.

27 జనవరి, ఆదివారం

రేపు సోమవారం. మా ఊళ్లో సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. బసవన్న దినం. మడక లేదు, బండి లేదు, కపిల లేదు. చావు బతుకుల్లో ఉన్న మనిషిని ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా ఎద్దుకు దండం పెట్టి, తప్పయిందని చెప్పుకొని కట్టాలి.

అన్నం దగ్గర ఆయన అడిగారు, రేపు ఇంజిన్ నడపొచ్చునా, యేమంటావు అని. ఇంట్లో తిథులు, నోములు, ఏది చెయ్యొచ్చు, ఏది కూడదు అన్నీ నన్నే అడుగుతారు. కడప మిషన్ స్కూల్లో స్కూల్ ఫైనల్ దాకా చదివాననీ, పురాణం చదివి అర్థం చెబుతాననీ ఊళ్లో కూడా నా మాటకు ఒక విలువ ఉంది.

కాసేపు ఆలోచించాను. సోమవారం ఎద్దుకు పెట్టిన నియమం. కొమ్ములూ డెక్కలూ ఉన్న ప్రాణికి అలసట ఉంటుంది కాబట్టి విశ్రాంతి. ఇంజిన్‌కు కొమ్ములు లేవు, దానికి సోమవారం లేదు అన్నాను.

ఆ మాట నాకే నచ్చింది. ఆయనకు ఇంకా నచ్చింది. మళ్లీ పెరుగు వేయించుకున్నారు.

అత్త వత్తులు చేస్తూ చేయి ఆపింది. నీకు సదువొచ్చు గదమ్మా, నాకేం తెలుసు అంది. మళ్లీ వత్తులు చేసుకుంది.

28 జనవరి, సోమవారం

ఇంజిన్ నడిచింది. ఎద్దులు కొట్టంలో పడుకొని, చెవులు అటు తిప్పి విన్నాయి.

9 ఫిబ్రవరి, శనివారం

కొత్తగా నాటిన చీనీ మొక్కలు, బత్తాయిలు, చిగురు వేశాయి. ఆయన రోజూ ఒక్కొక్క పాదు దగ్గరా ఆగి ఆకు తిప్పి చూస్తారు. కన్నబిడ్డల జ్వరాలప్పుడు కూడా ఇంత దగ్గరగా చూడలేదు. తప్పు పట్టను. యాభై రెండు కరువులో జొన్న కంకి పాలు పట్టకుండానే ఎండిపోయింది. మా ఎద్దుల జత మేత లేక కండ్ల ముందే పోయింది. మా చేలల్లో పని చేసే వాళ్లు గంజి కేంద్రం ముందు గిన్నెలు పట్టుకొని నిలబడ్డారు. ఇంగ నేను ఆకాశం మొగం సూసి సేద్యం చెయ్యను అని ఆయన ఆ ఏడు ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టే ఈ తోట.

పక్కూరి వీరారెడ్డి వచ్చి ఇంజిన్ చుట్టూ తిరిగి చూశాడు. సోమవారం సంగతి యేమప్పా అని అడిగాడు. ఆయన నా వైపు చెయ్యి చూపించి, మా యింట్లో శాస్త్రం చూసే చెప్పింది, కొమ్ముల్లేనిదానికి సోమవారం లేదు అన్నారు. అయితే నేనూ ఒకటి తెస్తా అని వీరారెడ్డి లేచాడు.

పొద్దు పోయేదాకా ఆ సంతోషం నాలో ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

27 ఫిబ్రవరి, బుధవారం. శివరాత్రి

తెల్లవారుజామున అభిషేకానికి నీళ్లు తేవడానికి తోట బావికి వెళ్లాను. మా బావిలో మెట్ల పక్కన గోడ రాతి మీద చిన్న బసవన్న ఉన్నాడు. ఎవరు చెక్కించారో తెలియదు. వానలు పడ్డ ఏడు మెడ దాకా మునుగుతాడు. ఎండాకాలం ముదిరితే కాళ్లు బయట పడతాయి. శివరాత్రికి ఎప్పుడూ నడుము దాకా నీళ్లలో ఉంటాడు. అక్కడే బిందె ముంచుకొని, బసవన్న నెత్తిన ఒక పువ్వు పెట్టి వస్తాను.

ఇవాళ బసవన్న మొత్తం బయట ఉన్నాడు. కాళ్ల కింద రాయి కూడా ఎండి, తెల్లగా పొక్కు కట్టి ఉంది.

చాలా మెట్లు కిందికి దిగి నీళ్లు తెచ్చాను. బిందెలో అడుగున మట్టి. వడగట్టి అభిషేకం చేశాను. చదువుతున్న స్తోత్రం మధ్యలో తప్పింది.

12 మార్చి, మంగళవారం

జీవమ్మ మళ్లీ ఆలస్యం. లేవి పెండ్లాం. మా కొట్టంలో పేడ ఎత్తి, కసువు ఊడ్చే పని ఆమెది. ఎండ ఎక్కాక వచ్చింది. ఎందుకమ్మా ఇంత పొద్దెక్కించావు, దూడలు గోల పెడుతున్నాయి అన్నాను. నా గొంతు పెద్దది కాదు. అయినా ఆమెకు కోపం వచ్చింది.

యేం జెయ్యమంటావమ్మా, మా బాయికాడ నీళ్లు ఊరేదాకా ఆడోళ్లంతా చుట్టూ కూసోనుండాము. టెంకాయ చిప్పతో తోడుకుంటాండాము. నా వంతు రావద్దా అంది.

ఎప్పటి నుంచి అని అడిగాను. పేడ తట్ట వైపు చూస్తూ, సంకురాత్రి పండగ అయినంక అంది. ఇంజిన్ పేరు ఎత్తలేదు. తట్ట నెత్తికి ఎత్తుకుంటూ, ఇంతకుముందు మంగళారం మా బాయి పండగ మాదిరి ఉంటాండెనమ్మా, ఆ పొద్దే గదా పాలెమంతా గుడ్డలు ఉతుక్కునేది. ఇప్పుడు మంగళారమూ లేదు బేస్తారమూ లేదు, చర్చికి ఈ కోకతోనే పోతాండా, దేవుడే ముక్కు మూసుకుంటాడేమో అని నవ్వింది.

ఆమె వెళ్లిన తర్వాత నేను కొట్టం గుంజకు ఆనుకొని నిలబడిపోయాను.

మంగళవారం పాలెంలో బట్టలు ఉతకడం నాకు కాపురానికి వచ్చినప్పటి నుంచీ తెలుసు. ఆ రోజు పొద్దున్నే బండల మీద బాదే చప్పుడు మా పెరటి దాకా వినిపిస్తుంది. ఆదివారం చర్చికి పోయే వాళ్లు శనివారం కదా ఉతుక్కోవాలి, మంగళవారం ఎందుకు అని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగలేదు.

పాలెం మా తోటకు దిగువన ఉంది. వాళ్ల బావి మా బావికి దిగువన ఉంది. సోమవారం మా ఎద్దులు పడుకుంటే మా బావి నిండేది. నిండిన నీళ్లు భూమి లోపలి దారిన కిందికి, పాలెం బావికి పోయేవి. తెల్లవారితే మంగళవారం.

సోమవారం ఎద్దు ఒక్కదానిదే కాదు. బావిది కూడా. పాలెంది కూడా. నేను కొమ్ముల దగ్గరే ఆగిపోయాను.

1 ఏప్రిల్, సోమవారం. ఉగాది

హేవిళంబి మొదలయింది. కొత్త పైసలు కూడా ఇవాళే మొదలట, ఊరంతా అదే మాట.

పచ్చడి చేతిలో పెట్టి ఆయనకు చెప్పాను. బావి సంగతి, పాలెం సంగతి, మంగళవారం సంగతి. సోమవారాలు ఇంజిన్ ఆపండి అన్నాను. ఆయన చివరి దాకా విన్నారు. అది ఆయన మంచితనం.

తర్వాత అన్నారు, మొక్కలకు ఇది మొదటి ఎండాకాలం, చైత్ర వైశాఖాల్లో ఒక దినం తప్పినా వేరు ఎండుతాది. భూమి లోపల నీళ్లు యాడికి పోతాయో ఎవురు సూసినారు? అయినా నువ్వే గదా చెప్పింది, కొమ్ముల్లేనిదానికి సోమవారం లేదని. ఉగాది పొద్దు మాట మారుస్తావా?

వేపపువ్వు చేదు నాలుక మీదే ఉండిపోయింది.

వీరారెడ్డి ఇంజిన్ కూడా వచ్చిందట. నేను చెప్పాను కదా అని అక్కడ కూడా సోమవారం నడుపుతున్నారట. గుడి పూజారి కూడా నా మాటే నలుగురికీ చెబుతున్నాడు. నేను తిరగని ఊళ్లలో నా మాట తిరుగుతోంది.

15 ఏప్రిల్, సోమవారం

ఇవాళ ఉపవాసం. ఇంజిన్ ఆగేదాకా సోమవారాలు మంచినీళ్లు కూడా ముట్టనని మనసులో అనుకున్నాను. బయటికి చెప్పలేదు. ముఖం చూసి ఆయనే అడుగుతారనుకున్నాను.

సాయంత్రం ఆయన కడుపు నిండా సంగటి తిని, నీ ఉపవాసాల పుణ్యానే ఈ ఇల్లు సల్లగుండాది అని మెచ్చుకొని పడుకున్నారు.

సోమవారం, శనివారం, ఏకాదశి, సంకటచవితి. ఇన్నేళ్లుగా ఇన్ని ఉపవాసాలు చేశాను. ఇవాళ ఎందుకు చేశానో ఎవరికీ కనిపించలేదు.

22 ఏప్రిల్, సోమవారం

ఉపవాసం. ఇంజిన్ నడిచింది.

9 మే, గురువారం

పాలెం బావి ఎండిపోయింది. లేవి లోపలికి దిగి అడుగు దాకా పూడిక తీశాడట. తడి మన్ను తప్ప ఏమీ రాలేదట.

పాలెం ఆడవాళ్లు కడవలు పట్టుకొని మా తోట కాలువ దగ్గరకు వచ్చారు. ఇంజిన్ పోసే నీళ్లు కాలువలో పడ్డ తర్వాత ముంచుకుంటున్నారు. ఆయన దగ్గరుండి పట్టించారు. సాయంత్రం తృప్తిగా చెప్పారు, సూసినావా, ఈ ఇంజిన్ లేకపోతే ఈ పొద్దు పాలెం గతేంగాను అని.

జీవమ్మ కడవ నా ముందు దించి, వాసన సూడమ్మా అంది. నీళ్ల మీద నూనె రంగులు రంగులుగా తేలుతోంది. మా దీపాలకు నూనె కొరత తీరిందిలే, కడవలో వత్తి ఏస్తే సాలు అంది. ఈసారి ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మెట్ల దగ్గర ముంచుకుంటే మంచి నీళ్లే దొరుకుతాయి. ఏటా పూడిక తీయడానికి లేవి మా బావిలోకి దిగుతాడు. నీళ్లు ముంచుకోవడానికి అతని పెండ్లాం దిగకూడదు. అంటరానితనం కూడదని చట్టం వచ్చి ఏళ్లయింది. మా బావి మెట్ల దాకా రాలేదు. నేను కూడా రా అని పిలవలేదు.

వంటింట్లో బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అన్నీ ఒక తొట్టిలో పట్టి దూడలకు, తులసికి పోస్తున్నాను. ఇది ఇంట్లో ఎప్పుడూ చేసేదే. ఇవాళ పోస్తుంటే నామీద నాకే అసహ్యం వేసింది. చెంబు నీళ్లు పొదుపు చేసి బావిని వదిలేశాను.

21 మే, మంగళవారం

ఇంజిన్ కాసేపు పోసి, గుర్రుమని గాలి పీలుస్తోంది. పైపు అందడం లేదు. కంబన్న పైపు ఇంకా కిందికి దించాడు. ఆయన ముఖంలో మొదటిసారి దిగులు కనిపించింది. బావిలో తూటాలు పేల్చి లోతు చేయించాలంటున్నారు.

బసవన్న ఉన్న గోడ ఏమవుతుందని అడిగాను. ఇంకోటి చెక్కిస్తాలే అన్నారు.

7 జూన్, శుక్రవారం

పాలెం వెళ్లిపోయింది. అందరూ కాదు. ఒంట్లో శక్తి ఉన్నవాళ్లు. ఎర్రగుంట్ల దగ్గర బండలు తీసే గనుల్లో పని ఉందట, అక్కడ నీళ్ల బండి వస్తుందట.

జీవమ్మ చెప్పిపోవడానికి పెరటి గుమ్మం దాకా వచ్చింది. చాప చుట్ట, చంకలో కోడిపుంజు, మూటలో బైబిలు. లేవి ముసలి తల్లి మాత్రం అంత దూరం నడవలేనని ఇక్కడే ఉండిపోయిందట. వారానికి ఒకసారి ఆ ముసల్దాన్ని చూడమ్మా అని అడిగింది. చూస్తానన్నాను.

ఎప్పుడొస్తారు అన్నాను. మంగళారం గుడ్డలు ఉతుక్కునే దినం వస్తే వస్తాంలేమ్మా అంది. తిట్టి ఉంటే బాగుండేది. కొంగుతో నా దూడ ముఖం తుడిచి వెళ్లింది.

రేపటి నుంచి పేడ నేనే ఎత్తుతాను. అది శిక్ష కాదు. పని.

10 జూన్, సోమవారం

ఉపవాసం. మధ్యాహ్నం అత్త పిలిచింది. యాల రోజూ ఆ మొగం అట్లా పెట్టుకోనుండావు అంది. అన్నీ చెప్పాను. విని, నేనూ సూస్తానే ఉండా అంది.

నాకు ఏడుపొచ్చింది. అప్పుడే ఎందుకు చెప్పలేదత్తా అన్నాను. నువ్వు అడిగితివా అంది. ఆమే మళ్లీ చెప్పింది, నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మా అత్త, మీ మామను కన్నతల్లి, ప్రతి మంగళారం తెల్లారుతూనే పువ్విచ్చి బాయికి పంపుతాండె. నీళ్లు బసవన్న కాళ్లకు తగిలినాయా లేదా సూసి రమ్మనేది. తగిల్నాయత్తా అంటే మారు మాట్లాడకుండా పనికి పోయేది. యాల అని నేనూ అడగలేదు. నువ్వు పుస్తకంలో సూసి చెప్తివి, నేను యేమనేది?

నా మాట నేను వెనక్కు తీసుకుంటే ఆయన వినరు, ఊరు వినదు అన్నాను.

ఎందుకు తీసుకుంటావు, దాన్నే నిలబెట్టు అంది. కొమ్ముల్లేవనే గదా అంటివి?

నాకు అర్థం కాలేదు. అటక వైపు గడ్డం చూపించింది. కుప్పెలు దించు. ఎల్లుండి ఏరువాక.

యాభై రెండులో పోయిన ఎద్దుల జత కొమ్ములకు తొడిగే ఇత్తడి కుప్పెలు అవి. చింతపండుతో తోమాను. బంగారంలా అయినాయి.

12 జూన్, బుధవారం. ఏరువాక పున్నమి

ఊరి ఎద్దులన్నీ మా తోట దగ్గరకు వచ్చాయి. కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి. ఏటా మా బావి గట్టు మీదే పూజ.

ఇంజిన్‌ను కూడా వరసలో పెడదామని నిన్న ఆయనతో అన్నాను. ఆయన ఎంత సంతోషించారో. ఇన్నాళ్లకు మనసు మార్చుకుంటివి అన్నారు. ఆ సంతోషం చూసి తల దించుకున్నాను. కంబన్న దాన్ని కిరసనాయిలుతో తుడిచి, నేనడిగితే ముందు భాగాన రెండు కర్రముక్కలు బిగించాడు. వాటికి కుప్పెలు తొడిగాను. పసుపు రాశాను. బంతిపూల దండ వేశాను. ఊరంతా నవ్వారు, ఈలలు వేశారు. ఆయన మీసం దువ్వుకున్నారు. టెంకాయ ఆయన చేతే కొట్టించాను. పొంగలి ముందు ఎద్దులకు, తర్వాత ఇంజిన్‌కు నివేదించాను. అందరూ దండం పెట్టారు. ఆయన కూడా పెట్టారు.

అప్పుడు అత్త కట్టె పట్టుకొని లేచి నిలబడింది. కొమ్ములొచ్చినాయి రా, ఇంగ సోమవారం కట్టగూడదు అంది. ముసలి గొంతే కానీ గట్టు చివరిదాకా వినిపించింది.

నవ్వులు ఆగిపోయాయి. ఆయన నా వైపు చూశారు. మగవాళ్ల ముందు నేనెప్పుడూ నోరు తెరవలేదు. ఇవాళ తెరిచాను. నేను చెప్పిందే, కొమ్ములున్నదానికి సోమవారం ఉంది అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. పూజారికి వినపడింది. అతను గబుక్కున అవునవును అన్నాడు.

కుప్పెలు ఊడబీకడానికి ఆయనకు ఒక్క నిమిషం పట్టదు. అప్పుడే దండం పెట్టిన చేతులు. ఊరు చూస్తోంది. ఆయన కండువా దులుపుకొని ఇంటికి వెళ్లిపోయారు. పండగ అన్నం తినలేదు.

16 జూన్, ఆదివారం

ఆయన నాతో మాట్లాడడం లేదు. ఏదైనా కావాలంటే అత్తను అడుగుతున్నారు. మీరిద్దరూ కలిసి నన్ను ఊరి నడుమ నవ్వులపాలు చేస్తిరి అని ఆమెతో అన్నారు. దానికి టెంకాయ కొట్టింది నువ్వే గదరా అంది అత్త.

దేవుణ్ని అడ్డం పెట్టుకొని భర్తను కట్టేశాను. ఇది భక్తో మోసమో నాకు తెలియదు. దేవుని ముందు కూర్చుంటే ఆ మాటే వస్తోంది.

వానలు జాడ లేవు. మొక్కలు ఎండితే ఆ పాపం కూడా నాదే. చివరి వరసలో మూడు మొక్కలు వాడినాయి. వంటింటి తొట్టిలో నీళ్లు తీసుకుపోయి వాటికి పోసి వచ్చాను. తిరిగి వస్తుంటే ఆయన గట్టు మీద నిలబడి చూస్తున్నారు.

ఇంజిన్ తిప్పే హ్యాండిల్ వసారాలో మేకుకు వేలాడుతోంది. రేపు ఆయన చేయి దాని మీదికి పోతుందా, పోదా.

17 జూన్, సోమవారం

హ్యాండిల్ మేకుకే ఉంది.

ఆయన పొద్దున దాని ముందు నిలబడ్డారు. కంబన్న అరుగు మీద ఎదురు చూస్తున్నాడు. అప్పా, ఈ పొద్దు నువ్వు కూడా పడుకో అని ఆయన కంబన్నతో అన్నారు. కడవ ఎత్తుకొని తోటకు పోయి, వాడిన మూడు మొక్కలకు చేత్తో పోశారు.

ఊరు నిశ్శబ్దంగా ఉంది. మా ఇంజిన్ ఆగితే గానీ వినిపించలేదు, తూర్పున వీరారెడ్డి ఇంజిన్. పొద్దంతా నడుస్తూనే ఉంది.

18 జూన్, మంగళవారం

తెల్లవారుతూనే అత్త పువ్విచ్చి పంపింది. బసవన్న కాళ్ల కింద రాయి తడిగా ఉంది. నీళ్లు కాదు. తడి. పాలెం వైపు నుంచి బట్ట బాదుతున్న చప్పుడు, ఒక్క బండ మీదే. లేవి తల్లి. తూర్పున ఆ ఇంజిన్ ఆగలేదు. దానికి ఇంకా కొమ్ములు లేవు.